పలకరింపు ఉంది, దారి లేదు

పొద్దున తొమ్మిదింటికే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? రక్తపరీక్షల సంస్థకు పదకొండు శాఖలు. అన్నిటి కంప్యూటర్లనూ కలిపే వీపీఎన్ అనే నెట్‌వర్కును చూసుకోవడం ఆమె ఉద్యోగం. అందులో పాత శాఖ ఒక్కటే మూడు రోజులుగా మూగబోయింది. అక్కడి ఫలితాలు పెద్ద డాక్టరు కూర్చునే శాఖకు చేరడం లేదు. ఆ పాత శాఖ ఇన్‌ఛార్జి స్వయానా ఆమె బాబాయి.

"మూడింటిలోగా తేల్చండి," అన్నాడు మేనేజరు. "లేకపోతే మీ బాబాయిని ఇన్‌ఛార్జిగా తీసేసి, ట్యూబులకు లేబుళ్ళు అంటించే పనిలో వేస్తాను. సోమవారం ఆయన కంప్యూటరు టేబుల్ జరిపాడట. ఆ రోజు నుంచే కదా ఈ గోల!"

కుక్కను చంపాలంటే పిచ్చిదని పేరు పెడితే చాలు. గడువు దాటిన రసాయనాలతో పరీక్షలు చేయనని బాబాయి రెండు నెలల కిందట అందరి ముందూ తెగేసి చెప్పాడు. అప్పటినుంచీ ఈ మేనేజరు మహానుభావుడు సందు కోసం కాచుక్కూర్చున్నాడు.

ఆమె తెర ముందు కూలబడింది. పాత శాఖ పేరు పక్కన పచ్చ చుక్క నిక్షేపంలా వెలుగుతోంది. రెండు నిమిషాలకోసారి ఇక్కడి యంత్రం ఉన్నావా అని అడుగుతోంది, అక్కడిది ఉన్నానంటోంది. పలకరింపులకేం లోటు లేదు. ఫలితం ఒక్కటీ రాదు. అయితే తప్పు అవతలే ఉండాలి. ఫోను తీసింది.

"బాబాయ్, నిజం చెప్పు. ఏ వైరు పీకావు?"

"ఏదీ పీకలేదమ్మా. వెలుతురు చాలక టేబుల్ కిటికీ వైపు జరిపాను, అంతే."

"అంతేనా? ఎవరు జరపమన్నారు నిన్ను? మళ్ళీ చూడు!"

ఎనిమిది సార్లు ఫోను చేసింది. ఎనిమిది సార్లూ అదే ప్రశ్న, ఒకసారిని మించి ఇంకోసారి గొంతు పెంచుతూ. ఆయన అంత బరువు టేబుల్‌నీ ఒక్కడే మళ్ళీ పాతచోటికి లాగాడు. నడుం పట్టేసిందని చెబుతూ నవ్వాడు కూడా. ఆ నవ్వుకు ఆమెకు ఇంకా మండింది.

"ఇటు అంతా బాగుంది బాబాయ్! నేను చూశాను కదా. లోపం నీ దగ్గరే ఉంది!"

"నువ్వన్నావంటే అంతేనేమోలే," అన్నాడు బాబాయి.

ఒంటిగంటన్నరకు, తిండి కూడా మానేసి, మొదటే చేయాల్సిన పని అప్పుడు చేసింది. తన యంత్రం నుంచి పాత శాఖకు ఒక సందేశం పంపి, అది ఏ దారిన పోతోందో అడుగడుగునా వెంబడించింది. అది పాత శాఖ వైపు పోనేలేదు. నేరుగా కొత్త శాఖకు పోయింది. ఆ శాఖ ఇంకా తెరవనే లేదు. అక్కడ గోడకు తగిలించిన రౌటరు తప్ప మనిషీ లేడు, యంత్రమూ లేదు.

ఆమె శాఖల వివరాలుండే ఫైలు తెరిచింది. వాళ్ళ ఆఫీసులో ఒక అలవాటుంది. ఏదైనా శాఖను కొత్తగా చేర్చాలంటే అప్పటికే ఉన్న ఒక శాఖ వివరాలు కాపీ చేసి కింద అతికిస్తారు. తర్వాత పేరు, తాళంచెవిలా పనిచేసే రహస్య సంకేతం, ఆ శాఖ యంత్రాల చిరునామా అంకెల వరుస మారుస్తారు. సోమవారం ఈ కొత్త శాఖను చేర్చినప్పుడు పేరు మారింది, తాళంచెవి మారింది. వరుస మాత్రం పాత శాఖదే ఉండిపోయింది. రెండు శాఖలకూ ఒకే వరుస రాస్తే ఈ వీపీఎన్ కయ్‌మనదు. చివర రాసిన శాఖకు దారి ఇచ్చేసి, ముందున్న శాఖ దగ్గర్నుంచి లాగేసుకుంటుంది. పలకరింపుకు ఆ వరుసతో పనిలేదు గనుక పచ్చ చుక్క అలాగే వెలుగుతుంది.

ఎవడీ బుద్ధిలేనివాడని మార్పు చేసినవాళ్ళ పేరు చూసింది. తన పేరే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఒక్క అంకె మార్చింది. మూడు రోజుల ఫలితాలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. ఆమె మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. పని మొదలైంది కదా, ఎలా మొదలైందో చెప్పకపోతేనేం అనిపించింది ఒక్క క్షణం. అలా అనిపించినందుకు తనను తాను చెంపమీద కొట్టుకోవాలనిపించింది. పెద్ద డాక్టరుతో సహా అందరికీ నాలుగు వాక్యాలు రాసి పంపి, మేనేజరు గదిలోకి నడిచింది.

పాత శాఖ నుంచి పిలిపించినట్టున్నారు, బాబాయి అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. మేనేజరు చేతిలో ఒక కాగితం. టేబుల్ జరపడంలో తన వల్లే లోపం జరిగిందని రాసి, కింద బాబాయి సంతకం పెట్టి ఉంది.

"ఆ కాగితం ఇవ్వండి," అంది. "తప్పు నాది. చిరునామాలు నేను తప్పుగా రాశాను."

"ఆయన ఒప్పుకున్నాక మధ్యలో మీరెందుకు? సర్దుకుపోదాం," అన్నాడు మేనేజరు.

"దేంతో సర్దుకోవాలి? అబద్ధంతోనా? అందరికీ మెయిలు పంపేశాను. తెరిచి చూసుకోండి."

మేనేజరు చూశాడు. ముఖం మాడిపోయింది. ఆమె కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసింది.

బయటి వసారాలోకి రాగానే బాబాయి మీదే విరుచుకుపడింది. "నీకేమైనా మతి ఉందా? చెయ్యని తప్పు ఆ మనిషి ముందు ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఆయన అడిగితే పొద్దున్నే రాయనన్నానమ్మా," అన్నాడు బాబాయి, ఆమెకేసి చూడకుండా. "లోపం నా దగ్గరే ఉందని నువ్వు చెప్పాక రాశాను."