పట్టుకునేవాళ్ళని బట్టి మెట్లు

కండక్టరమ్మకి వారానికి ఒక్కటే సెలవు, బుధవారం. ఆ రోజు ఆవిడ ఆరింటికే లేచి, టీ గ్లాసు పట్టుకుని ఇంటి పక్క సందులోకి వెళ్ళి, పడమటి గోడని కిందనుంచి పైదాకా ఓసారి చూసేది. చూసి నిట్టూర్చేది. గోడ మనిషెత్తు దాకా లేత పసుపు రంగులో ముచ్చటగా ఉండేది. ఆ పైన మేడ కొస వరకూ నాచు పట్టి నల్లగా, ప్యాంటు వేసుకుని చొక్కా మరిచిపోయిన పెద్దమనిషిలా ఉండేది. ఆ నలుపులో, పిట్టగోడకి కాస్త కింద, అడ్డంగా ఒక పగులు. వానలొస్తే నీళ్ళు దాన్లోంచే దిగి మేడమీది గదంతా చెమ్మెక్కేది.

ఆ ఇంట్లో పడుకోవడానికి ఉన్నది ఆ గదొక్కటే. కింద ముందుగదిలో మొగుడి కళ్ళజోళ్ళ షాపు, వెనక వంటిల్లు. ఎనిమిదేళ్ళ కూతురికి చెమ్మ పడదు. పోయినేడు వానల్లో పిల్లకి ఛాతీలో పిల్లికూతలు మొదలై పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. "గది పొడిగా ఉండాలమ్మా. ఇంకోసారి ఇలా అయితే నేను ధైర్యం చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఈసారి వానలకి ఇంకా మూడు వారాలే ఉంది.

రంగు వేయడం కండక్టరమ్మకి ఒక లెక్క కాదు. పదిహేనేళ్ళుగా కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. చిక్కంతా నిచ్చెన పట్టుకునే మనిషితోనే వచ్చింది.

ఆ ఊళ్ళో నిచ్చెనలన్నిటికీ పట్టుకునేవాళ్ళని బట్టే మెట్లు. హార్డ్‌వేర్ షాపులో అమ్మేది రెండు పొడుగాటి గడలు మాత్రమే. "మెట్లు మీ ఇంట్లో చూసుకోండి" అంటాడు షాపాయన, గడలకి తాడు బిగిస్తూ. గోడకి ఆనించి, నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గడల కాళ్ళు దూరం జరిపి, కింద ఎవరైనా రెండు చేతులా పట్టుకుంటే అప్పుడు ఒక్కొక్కటే మెట్లు మొలుస్తాయి. పట్టుకున్నవాళ్ళ ధ్యాస ఎక్కేవాళ్ళ మీద ఎంత ఉంటే అన్ని మెట్లు. ధ్యాస చెదిరితే పైమెట్టు మాయం. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ముప్ఫై, పదేళ్ళ కాపురానికి ఎనిమిదో తొమ్మిదో అని షాపాయన అందరితోనూ అనేవాడు. జనం నవ్వేవాళ్ళు గానీ, ఇంటికెళ్ళి గుట్టుగా లెక్కపెట్టుకునేవాళ్ళు.

ఊళ్ళో రంగులేసే కవల అన్నదమ్ములు ఉన్నారు. ఒకడు పట్టుకుంటే రెండోవాడికి మెట్లకి కొదవలేదు. వానలు వెళ్ళేదాకా ఊపిరి తీసుకునే తీరిక లేదన్నారు వాళ్ళు. పక్కింటి టీచరమ్మ మంచి మనసుతో వచ్చి పట్టుకుంది. తొమ్మిది మెట్లు వచ్చాయి, అంతలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు గుర్తొచ్చి ఏడయ్యాయి. కండక్టరమ్మ గభాల్న దిగేసింది. బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయనకి వెనక ఎవరు ఎక్కుతున్నారో పట్టించుకునే అలవాటే లేదు, అయిదు మెట్లు. ఆఖరికి పొడుగాటి కర్రకి రోలర్ కట్టి కిందనుంచే వేద్దామని చూసింది. గోడకి పడిన రంగు కంటే ఆవిడ మొహాన పడింది ఎక్కువ. పైగా పగులు చేత్తో పూడ్చాలి. ఇరవై మెట్లు కావాలి.

"మీరు పట్టుకోండి" అంది మొగుడితో.

కళ్ళజోళ్ళాయన కుంటుకుంటూ వచ్చి పట్టుకున్నాడు. నాలుగు మెట్లు వచ్చాయి. ఆయనకి పెళ్ళాం మీద ప్రేమ లేక కాదు. గడలు చేతికి తగలగానే ఆయన ధ్యాసంతా తొమ్మిదేళ్ళ కిందటి రోజుకి పోయింది. ఆ రోజు ఇదే గోడ, ఇవే గడలు. ఆయన పన్నెండో మెట్టు మీద ఉన్నాడు. కింద పట్టుకున్నది తమ్ముడు, బేకరీలో పనిచేసేవాడు. పాపం తమ్ముడు చేతులు వదల్లేదు. ఓవెన్ ఆపి వచ్చానా లేదా అని ఒక్కసారి అనుకున్నాడు, అంతే. అన్నయ్య కాళ్ళ కింద మెట్టు లేదు.

కాలు అతికింది గానీ కుంటు మిగిలింది. తమ్ముడు ఆ ఇంటి గుమ్మం తొక్కడం మానేశాడు. అదే ఊళ్ళో, మూడు వీధుల అవతలే ఉండేవాడు. అన్నయ్య ఎదురొస్తే రోడ్డు దాటేసేవాడు. ఆ మరుసటేడు పుట్టిన అన్నయ్య కూతుర్ని దూరంనుంచి చూడ్డమే. ఏటా పిల్ల పుట్టినరోజున తెల్లారేసరికి వీధరుగు మీద ఒక కేకు డబ్బా ఉండేది. ఎవరు పెట్టారని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మొగుడికి నాలుగే మెట్లొచ్చిన ఆ మధ్యాహ్నం కండక్టరమ్మ బేకరీ వెనక గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. మరిది మోచేతుల దాకా పిండితో ట్రేలు మోస్తున్నాడు.

"ఏం కావాలి వదినా?" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"నువ్వే కావాలి. నిచ్చెన పట్టుకోవాలి."

అతను ట్రే కింద పెట్టాడు. పెట్టకపోతే పడేసేవాడే.

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికారయ్యా. ఒకరికి తొమ్మిది, ఒకరికి అయిదు, మీ అన్నయ్యకి నాలుగు. నాకు ఇరవై కావాలి."

"నాకు ఒక్కటి కూడా రాదు. ఆ రోజు చేతులు గట్టిగానే పట్టుకున్నాను వదినా. మనసే..."

"తెలుసు. ఇంతకీ ఆపావా ఓవెన్?"

"ఆపాను. ఆపేసే వచ్చాను. అదే కదా నా ఖర్మ."

కండక్టరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఈ తొమ్మిదేళ్ళలో ఆ నిచ్చెన సంగతి తలుచుకోని రోజుందా నీకు?" అంది.

అతను మోచేతికి అంటిన పిండి గీక్కోసాగాడు.

"పిల్లకి పిల్లికూతలు. వానలు దగ్గరపడ్డాయి. రేపట్నుంచి మూడ్రోజులు సెలవు పెట్టాను. ఆలోచించుకుని చెప్తానని మాత్రం అనకు, పొద్దున్నే వచ్చెయ్" అని వచ్చేసింది.

పొద్దున్నే వచ్చాడు. ఇంటి ముందునుంచి కాకుండా వెనకనుంచి చుట్టూ తిరిగి నేరుగా సందులోకి. చెప్పులు విప్పి, గడల కాళ్ళ కింద నేల మెత్తగా ఉందని ఒక చెక్క పరిచి, అది కదలకుండా ఉందో లేదో తొక్కి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని గడలు పట్టుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆరు మెట్లు, పది, పదహారు. ఇరవై దాటి, పిట్టగోడ దాటి, ఆకాశంలోకి ఇంకా పోతున్నాయి. టీచరమ్మ తన మేడ మీంచి ముప్ఫై ఎనిమిది దాకా లెక్కపెట్టి, మెడ పట్టేసి లోపలికెళ్ళింది.

"చాలయ్యా, నేను గోడకే రంగేస్తాను" అంది కండక్టరమ్మ, చీర కొంగు దోపుకుని ఎక్కుతూ.

మొదటిరోజు నాచు గీకి పగులు పూడ్చింది. రెండోరోజు ప్రైమర్. మూడోరోజు రంగు. ఆ మూడు రోజుల్లో ఆవిడ పైన ఉన్నంతసేపూ అతను కాలు కదపలేదు, దోమ కుట్టినా తోలుకోలేదు. బస్సులో అలవాటుకొద్దీ ఆవిడ ఒకపక్కకి బాగా వంగి బ్రష్ చాపబోతే, "వదినా, నడుం గడలు దాటుతోంది. దిగు, నిచ్చెనే జరుపుదాం" అనేవాడు. గొంతు పెంచకుండా, ప్రతిసారీ. ఆవిడ విసుక్కుంటూనే దిగేది. ఆ మాట చెప్పే మనిషి ఉన్నందుకు ఎంత హాయిగా ఉందో ఆవిడకే తెలుసు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో 'జాగ్రత్త' అనే పని ఆవిడదే గానీ ఆవిడతో ఎవరూ అనలేదు. భోజనానికి లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. తెచ్చుకున్న రొట్టె సందులోనే నిలబడి తినేవాడు.

కళ్ళజోళ్ళాయన షాపు పక్క కిటికీలోంచి అద్దాలు అరగదీస్తూ చూస్తుండేవాడు. బయటికి రాలేదు. తన కుంటు కళ్ళబడితే వాడికి బాధని ఆయన. తన మొహం చూడ్డం అన్నయ్యకి ఇష్టంలేదని తమ్ముడు. రెండోరోజు మధ్యాహ్నం తమ్ముడి జేబులో ఫోను మోగింది. బేకరీ నుంచే అయుంటుంది. కళ్ళజోళ్ళాయన చేతిలో పని ఆగిపోయింది. ఫోను మోగీ మోగీ ఊరుకుంది. ఆయన మెట్లు లెక్కపెట్టాడు, ఒక్కటీ తగ్గలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మూడోరోజు సాయంత్రానికి గోడ పైదాకా పసుపైంది. కండక్టరమ్మ దిగింది, చేతులు కడుక్కుంది, బ్రష్‌లు కడిగింది. మరిది ఇంకా గడలు పట్టుకునే ఉన్నాడు.

"దిగానయ్యా, ఇదిగో నీ పక్కనే ఉన్నాను" అంది.

"ఊఁ" అన్నాడు గానీ వదల్లేదు.

అప్పుడు కళ్ళజోళ్ళాయన సందులోకి వచ్చాడు. తమ్ముడు ఆ కుంటే చూశాడు, మొహం చూడలేదు.

"అన్నయ్యా, నీ కాలు..."

"కుంటుతోంది. ఉంది కాబట్టే కుంటుతోంది" అన్నాడు ఆయన. "ఆ రోజు నన్ను భుజానేసుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తింది ఎవర్రా? ఇంకాస్త ఆలస్యమైతే కాలు తీసేసేవాళ్ళమన్నారు. ఆ మాట నీకు చెబుదామని ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు రోడ్డు దాటేశావు. నా కాలితో నీ వెనక పరిగెత్తగలనా?"

"నిజంగా అన్నారా అన్నయ్యా?"

"నీ మీద ఒట్టు. తొమ్మిదేళ్ళుగా నీకు కృతజ్ఞత చెప్పలేక చస్తున్నాను. జరుగు, నేను పట్టుకుంటాను."

ఆయన తమ్ముడి చేతుల పైన తన చేతులు వేశాడు. తమ్ముడి వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. మెట్లు గబగబా తగ్గి నాలుగు దగ్గర ఆగాయి.

"అయ్యో, రంగు బకెట్టు పైన గది కిటికీ ఊచకే వదిలేశాను" అంది కండక్టరమ్మ. ఆవిడ దేన్నీ ఎక్కడా మరిచిపోయే మనిషి కాదు. "కాస్త ఎక్కి తెచ్చిపెట్టవయ్యా."

తమ్ముడు నాలుగు మెట్లనీ, వాటిమీది ఖాళీనీ చూశాడు. తర్వాత అన్నయ్య మొహం చూశాడు. నాలుగో మెట్టెక్కి, గాల్లోకి కాలెత్తాడు. అయిదోది వచ్చింది. మళ్ళీ ఎత్తాడు, ఆరోది. ఎత్తిన ప్రతిసారీ సరిగ్గా పాదం కిందికి ఒక మెట్టు వచ్చింది. కింద కళ్ళజోళ్ళాయనకి ఇంక ఏ పాత రోజూ గుర్తురాలేదు. పైకెక్కుతున్న ఆ రెండు మడమలే ఆయన లోకం. పన్నెండో మెట్టు దగ్గర ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మెట్టు ఉంది.

కిటికీ దగ్గరికి చేరేసరికి లోపల తలుపు తెరుచుకుంది. అప్పుడే బడినుంచి వచ్చిన పిల్ల ఊచలు పట్టుకుని చూసింది. ఊపిరి హాయిగా తీస్తోంది.

"కేకు బాబాయ్!" అంది. ఊచల సందులు చూసి, అతన్ని చూసి, జాలిగా అంది, "ఇందులోంచి నువ్వు పట్టవు బాబాయ్. మాకు గుమ్మం ఉంది కదా, అందులోంచి రా."

అతను బకెట్టు తీసుకోవడం మరిచిపోయి కిందికి చూశాడు.

"విన్నావుగా, దిగిరా" అన్నాడు అన్నయ్య. "పట్టుకునే ఉన్నాను."