కుర్చీ మెత్త

జేబులో మూడు చాక్‌పీసులు వేసుకుని, రెండో కాలికి చెప్పు తొడుక్కుంటుండగా భార్య ఒక నీలం రంగు మెత్త తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. పాత కర్టెన్ గుడ్డతో రెండు రోజులు కుట్టింది దాన్ని.

"కుర్చీలో వేసుకుని, కూర్చునే చెప్పండి. ఆ గుండెతో గెంతులు వద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. ఒట్టేయండి."

"ఒట్టెందుకే, కూర్చుంటాలే," అన్నారు మాస్టారు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఏడో తరగతికి సైన్సు చెబుతున్న ఆయన్ని పిల్లలు చాటుగా బొంగరం మాస్టారంటారు. క్లాసులో ఆయన కాలు ఒకచోట నిలిచిన పాపాన పోలేదు. అంతకుమించి ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అవార్డు రాలేదు, ప్రమోషను రాలేదు. స్కూలు గ్రూపు ఫోటోల్లో ఎప్పుడూ వెనక వరుసే, అక్కడ కూడా కదిలిపోయి మసగ్గా పడతారు.

మొదటి పీరియడ్ ఏ సెక్షన్, చంద్రుడి పాఠం. మాస్టారు మెత్త మీద బుద్ధిగా కూర్చుని పుస్తకం చూసి చెప్పారు. చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే వైపు చూపిస్తాడు, అయినా తన చుట్టూ తాను తిరుగుతాడు. ఏటా ఈ మాట దగ్గర క్లాసంతా లేచి పోట్లాటకు దిగేది. ఒకే మొహం కనిపిస్తుంటే తిరుగుతున్నట్టెలా అని. ఇవాళ అందరూ నోట్సు రాసుకున్నారు. కిటికీ పక్క రెండు జడల పిల్ల ఆవులించింది. మాస్టారికి కోపం రాలేదు, సిగ్గేసింది. తన గొంతు తనకే నిద్ర తెప్పిస్తోంది.

బి సెక్షన్‌లో పావుగంట ఓపికపట్టారు. అంతే, లేచి మెత్త మీద చాక్‌పీసుతో 'భూమి' అని రాసి కుర్చీలో నిలబెట్టారు. దాని మీంచి చూపు తిప్పకుండా, తానే చంద్రుడై కుర్చీ చుట్టూ తిరిగారు. క్లాసు గోలగోలైపోయింది. గంట కొట్టినా ఎవరూ బయటికి పోలేదు.

చెమట తుడుచుకుంటూ స్టాఫ్ రూముకి వచ్చారు. ఒక సెక్షన్‌కి విస్తరి వేసి, ఇంకో సెక్షన్‌కి ఎంగిలాకు వేసినట్టు అనిపించింది ఆయనకు. డ్రాయింగ్ టీచరును అడిగారు.

"అమ్మా, మధ్యాహ్నం ఏ సెక్షన్‌లో మీ పీరియడ్ నాకిస్తారా?"

"ఇస్తాను గానీ, మొహం అలా పాలిపోయిందేంటండీ? రేపు చెప్పుకోకూడదూ?"

"రేపటికి పాఠం చల్లారిపోతుందమ్మా."

మధ్యాహ్నం ఆయన ఒక్క చుట్టు తిరిగారు. రెండో చుట్టు సగంలో బల్ల పట్టుకుని ఆగి, రెండు జడల పిల్లను పిలిచారు.

"నువ్వు తిరుగు తల్లీ. భూమి మీంచి చూపు తిప్పకు. కానీ దాని వెనకాల ఏ గోడ కనిపిస్తోందో చెబుతుండు."

ఆయన వెళ్లి ఆ పిల్ల ఖాళీ చేసిన చోటులో కూర్చున్నారు. పిల్ల మెల్లగా అడుగులేసింది. బోర్డు గోడ. కిటికీ గోడ. క్లాసు నవ్వుతోంది. బీరువా గోడ. తలుపు గోడ. పిల్ల ఆగిపోయింది, కళ్లు పెద్దవయ్యాయి.

"మాస్టారూ, నాలుగు గోడలూ చూశాను. తిరక్కపోతే ఎలా చూస్తాను? చంద్రుడు తిరుగుతున్నాడు మాస్టారూ."

మాస్టారు కిటికీకి తల ఆనించి ఉన్నారు. పెదాల మీద నవ్వుంది. పిల్ల ఇంకోసారి చెప్పింది. ఆయన వినలేదు.

సాయంత్రం డ్రాయింగ్ టీచరు మెత్త తెచ్చి ఇస్తే భార్య దాని మీది అక్షరాలు చూసింది. టీచరు వెంట వచ్చిన రెండు జడల పిల్లను అడిగింది.

"కూర్చున్నారా అమ్మా, మీ మాస్టారు?"

"చివర్లో కూర్చున్నారండీ. నా చోటులో."

ఆమె ఏడుస్తూనే, చాక్‌పీసు పొడి రాలకుండా మెత్తను రెండు చేతులా పట్టుకుని ఆయన కుర్చీలో పెట్టింది. నీలం గుడ్డ మీద తెల్లగా 'భూమి' అని ఉంది, చివరి అక్షరం కాస్త చెరిగి.