పదిన్నర ఆకాశం

"ఎట్లూ మిద్దె మీదనే ఉంటావు గదా, రవంత తలెత్తి చూస్తే ఏం పోతాది?" అన్నాడు ఓబిలేష్, చేతిలోని కార్డుల కట్టను పెళ్లాం ఒళ్లో పడేస్తూ. పదకొండేళ్ల కాపురంలో చౌడేశ్వరిని తల దించుకోమన్నవాళ్లే గాని తలెత్తమన్నవాళ్లు లేరు. అందుకేనేమో, ఆ మాట ఆమెకు నచ్చింది.

అది రెండువేల నాలుగు వేసవి. అనంతపురంలోని ఒక పరిశోధన కేంద్రం వాళ్లు ఉరవకొండలో ఆకాశం చూసి చెప్పే పని ఓబిలేష్‌కిచ్చారు. రోజూ పదిన్నరకు ఒక ఉపగ్రహం ఈ మెట్టనేల మీదుగా పోతూ బొమ్మ తీస్తుందట. సరిగ్గా ఆ వేళకు కింద ఉన్నది దుమ్మో, పొగో, తేట ఆకాశమో చూసి కార్డులో రాయాలి. పదిన్నరకు ఓబిలేష్ టీ అంగడి బల్ల మీద దేశాన్ని చక్కదిద్దుతుంటాడు. కాబట్టి ఆయన సంతకానికి ఆమె కళ్లు.

ఎండాకాలమంతా చౌడేశ్వరి ఆ వేళకు మిద్దె మీద గుడ్డ పరచి సండిగలు, అంటే వడియాలు, పెడుతుంది. వంగిన నడుం ఎత్తి, నాలుగు దిక్కులూ చూసి, పెన్సిల్ తీస్తుంది. తెల్లవారి లేచింది మొదలు ఆ రోజులో ఆమె నిటారుగా నిలబడేది అప్పుడే. ఎక్కడో పైన ఒకటి పోతోందనీ, అదీ తనూ ఒకే వేళకు ఒకే గాలిని చూస్తున్నామనీ తలచుకుంటే హాయిగా ఉండేది. ఆ హాయి నిండేలోపు కింది నుంచి అత్త నల్లమ్మ కేక వచ్చేది, పప్పు అడుగంటుతోందని. సగం చూసిన ఆకాశాన్ని వదిలి చౌడేశ్వరి మెట్లు దిగేది.

వైశాఖంలో ఒకరోజు కేంద్రం నుంచి సునంద అనే ఆవిడ వచ్చింది. ఉపగ్రహం తీసిన రంగుల బొమ్మ తీసి మంచం మీద పరిచింది. ఉరవకొండ మీద మసకగా ఒక చార. తమవాళ్లంతా దాన్ని దుమ్మనుకుంటున్నారనీ, ఈ ఇంటి నుంచి వచ్చిన ఆనాటి కార్డులో మాత్రం పొగ అని ఉందనీ చెప్పింది. ఓబిలేష్ ఆ కార్డును ఒక్కసారీ చదివినవాడు కాదు.

"దుమ్మే మేడమ్. ఆపొద్దు తొందరలో రాసేసినా. కొట్టేసుకోండి," అని నవ్వాడు.

కాఫీ తెస్తున్న చౌడేశ్వరి ఆ మాట విని ఆగింది. ఈ ఇంట్లో ఆమె మాట కొట్టెయ్యడం కొత్తేమీ కాదు. కూతుర్ని ఏ బడిలో వెయ్యాలి, పండక్కి పుట్టింటికి పోవాలా వద్దా, అన్నీ కొట్టేసినవే. వాటన్నిటికీ సర్దుకుంది. కానీ ఇది తన కళ్లతో చూసిన సంగతి. సునంద పెన్ను మూత తీసింది. చౌడేశ్వరి గ్లాసులు కింద పెట్టి, వంటింట్లోకి పోయి ఒక డబ్బా తెచ్చింది. ఆ రోజు ఎండబెట్టినవి, పాడైనాయని అత్త పారెయ్యమన్న సండిగలవి. చేసిన చెయ్యి పారెయ్యలేక దాచిపెట్టింది.

"కొట్టేయద్దు మేడమ్. అది పొగే," అంది. "దుమ్మయితే సండిగల మీద ఎర్రగా పడతాది, ఊదితే పోతాది. ఇవి చూడండి, నల్ల నలుసులు. కొత్తగడ్డి వస్తాదని ఆపొద్దు గొర్లోళ్లు కొండకు నిప్పు పెట్టినారు. గాలి ఇట్లే తిరిగినాది."

సునంద ఒక సండిగను వేలితో రుద్దింది. వేలికి మసి అంటింది.

"పైనుంచి చూస్తే ఒక్కోరోజు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే కింద మనిషి కావాలి," అని ఓబిలేష్ వైపు తిరిగింది. "ఇంతకీ చూసిందెవరు?"

ఓబిలేష్ వంగి కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"నేనే," అంది చౌడేశ్వరి. ఆ చిన్నమాట చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందేమా అని ఆమెకే నవ్వొచ్చింది. సునంద కొత్త కార్డుల కట్ట మీద పాత పేరు రాయలేదు.

మరునాడు ఓబిలేష్ అలిగి టీ అంగడికి పోలేదు. వంటింటి గడపలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. పదిన్నర అయింది. పడమటి దిక్కున పలచగా ఎర్రదుమ్ము లేస్తోంది. మిద్దె మీద చౌడేశ్వరి నడుం ఎత్తి, పెన్సిల్ తీసింది.

"ఏమ్మే, పప్పు అడుగంటతాండాది," కింది నుంచి కేక.

చౌడేశ్వరి ఆకాశం మీంచి చూపు తిప్పలేదు.

"మీ కొడుకు ఎట్లూ పొయ్యి పక్కనే కూచోనుండాడు గదత్తా. రవంత గరిటె తిప్పితే ఏం పోతాది?"