ఎనిమిదడుగుల దొరువు

సమితి ఆఫీసు నుంచి కొలతలు తీసే పద్మనాభయ్య వచ్చేసరికి మగ్దలీనమ్మ దొరువులో ఉంది. ఇసుకలో వెడల్పుగా, ఏటవాలుగా తవ్విన గుంట అది. నడిచి లోపలికి దిగాలి, రెండు చేతులా రెండు కడవలు ముంచాలి, ఎక్కి వచ్చి మిరపనారుకు పొయ్యాలి. సముద్రం ఒడ్డున ఈ మైపాడు ఇసుకల్లో తాతల నాటి నుంచీ సేద్యమంటే ఇదే. మోకాళ్లు అరిగిపోతాయి గానీ నీళ్లు మాత్రం అమృతం.

1963లో సర్కారుకు ఇక్కడి రైతుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బావి తవ్వుకుంటే లోపల దించుకునే సిమెంటు వరలు ఉచితం, పైన మూడు వందల రూపాయల సబ్సిడీ. షరతు ఒక్కటే, బావి ఇరవై అడుగులుండాలి. ఆ ఇరవై అన్న మహానుభావుడెవరో సముద్రాన్ని ఎన్నడూ చూసి ఉండడు. ఇక్కడ ఉప్పునీళ్ల పైన మంచినీళ్లు, పాల మీద మీగడలా తేలుతుంటాయి. ఎనిమిది అడుగులు దాటి గడ్డపార దింపితే తగిలేది ఉప్పే.

మగ్దలీనమ్మకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు? భర్త పోయి ఒంటి చేత్తో సంసారం ఈదుతున్న మనిషి. మూడు వందలకు పాడిగేదె వస్తుంది. ఇందుకూరుపేటలో ఒకదాన్ని చూసి, పొదుగు కూడా తడిమి వచ్చింది. వరలు తెప్పించి గట్టున పేర్పించుకుంది. ఈలోగా పక్క చేను చిన్నపోలయ్య తొందరపడి ఇరవై అడుగులూ తవ్వేశాడు. డబ్బు చేతికొచ్చింది. ఆ నీళ్లు పెట్టిన పదిహేనో రోజుకు అతని మిరపతోట నిలువునా మాడిపోయింది. ఇప్పుడు అతని పెళ్లాం కామమ్మ తాగేనీళ్లకు కూడా మగ్దలీనమ్మ దొరువుకే వస్తోంది.

పద్మనాభయ్య ఎండనపడి, ఇసుకలో సైకిలు తోసుకుంటూ వచ్చినవాడు. మగ్దలీనమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. ఇంకో చెంబు అడిగి తాగాడు. మూతి తుడుచుకుని దొరువులోకి టేపు దించాడు.

“ఎనిమిదే ఉందేమ్మా! ఇంకో పన్నెండు తవ్వాల. నెలాఖరులోగా తవ్వకపోతే సబ్సిడీ రద్దు.”

“తవ్వను సార్.”

“డబ్బులు వద్దా?”

“ఎందుకొద్దు? కావాల. నీళ్లు చెడగొట్టుకుంటేనే ఇస్తామంటే మటుకు వద్దు.”

“పైనుంచి వచ్చిన రూలమ్మా. నీ మంచికే చెప్తుండా.”

మంచికే అన్న మాటకు ఆమెకు ఒళ్లు మండింది. చెంబు తీసుకుని గట్టు దాటింది. చిన్నపోలయ్య బావిలోంచి నీళ్లు చేది తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది మీ రూలు ప్రకారం తవ్విన బావి సార్. తాగండి.”

ఆయన ఒక్క గుక్క తీసుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

“సర్కారు డబ్బులిచ్చిన నీళ్లు గదా, ఉమ్మేసినారేంది?”

పద్మనాభయ్య మొహం ఎర్రబడింది. “అయితే వరలు వాపసు చెయ్యి!”

“అదిగో, ఆడనే ఉండాయి. ఒక్కటి కూడా దించలా. బండి తోలుకొని రండి.”

అనేసింది గానీ, ఆ పొదుగు బరువు ఇంకా చేతికి తెలుస్తూనే ఉంది. ఈయన ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టింది.

చిన్నపోలయ్య ఇంతసేపూ గట్టు మీద తలవంచుకుని నిలబడి ఉన్నాడు. పార అందుకుని తన బావి దగ్గరికి నడిచాడు. తవ్విపోసిన ఇసుకను బావిలోకి తొయ్యడం మొదలుపెట్టాడు.

“ఏయ్, సబ్సిడీ బావి అది! పూడిస్తే కేసవుతుంది!” పద్మనాభయ్య కేకేశాడు.

“పెట్టుకోండి సార్. అడుగున పన్నెండడుగులు పూడిస్తే నాలుగు వానలకు మళ్లా తీపి తిరుగుతాది. అక్కా, ఇంకో పార ఉండాదా?”

మగ్దలీనమ్మ కొంగు నడుముకు చుట్టి, తన పార తీసుకుని అతని పక్కన నిలబడింది. పద్మనాభయ్య పుస్తకం తెరిచాడు. పెన్ను మూత తీశాడు.

“నన్నేం రాసుకోమంటావమ్మా?”

“మగ్దలీనమ్మ దొరువు ఎనిమిదడుగులని రాయండి. మీరు రెండు చెంబులు తాగినారు, అది కూడా రాయండి.”

ఆమె పారెడు ఇసుకెత్తి బావిలో పోసింది.