ఆరో గీత

మొదట్లో ఆమె చేతిలో ఉన్నవి ఇవి: అడుగున మేకుతో చిల్లు పొడిచిన నూనె డబ్బా, సగం సంచి సున్నం, మొదటి అంగుళం అరిగిపోయిన టేపు, టిఫిను గిన్నెలకీ మధ్యాహ్నం వంటకీ మధ్య దొరికే రెండు గంటలు. ఉపగ్రహాలను చూసుకుంటూ ట్రాక్టరును తనంతట తానే నడిపే కొత్త పెట్టె ఎంత గురిగా నడుస్తుందో వీటితోనే తేల్చాలి. పరీక్షలు చేసే సంస్థ అడిగిన రుసుము విని భర్త నవ్వాడు. "నువ్వున్నావుగా" అన్నాడు. పదకొండేళ్లలో అతను ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. అదీ ఖర్చు తప్పినందుకు.

ట్రాక్టరు పరికరాల దుకాణం అతనిది. రైతుల సంఘం నలభై పెట్టెలు కొంటానంది, పరీక్ష కాగితం చూపిస్తేనే. దుకాణం వెనక సిమెంటు ఆవరణలో ఆమె డబ్బా నిండా సున్నపునీళ్లు పోసి ట్రాక్టరు వెనక సరిగ్గా నడుమన వేలాడదీసింది. పెట్టెకు ఒక తిన్నని దారి నేర్పి, స్టీరింగు వదిలేసి ఐదుసార్లు నడిపింది. ఐదు గీతలూ రెండు వేళ్ల వెడల్పులో పడ్డాయి. ఆరోసారికి ఆవరణను ఆనుకున్న ఇంట్లోంచి అత్తగారి కేక వినబడింది.

"సున్నంతో ఆడుకునే వయసా ఇది? నా స్నానం నీళ్లు చల్లారిపోతున్నాయి."

స్నానం చేయించి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి వచ్చేసరికి మూడు దాటింది. కాగితంలో ఆరు గీతలు కావాలన్నాడు కదా భర్త, ఐదే చూపిస్తే ఏమంటాడోనన్న భయంతో ట్రాక్టరు మళ్లీ ఎక్కింది. ఆరో గీత జానెడు పక్కన పడింది. తప్పు తనదే అనుకుంది. ఆ ఇంట్లో ఏది పక్కకు పోయినా తప్పు తనదే కావడం అలవాటు. డబ్బా చూసుకుంది, ముడి చూసుకుంది, మళ్లీ నడిపింది. మళ్లీ జానెడే. అప్పుడు అర్థమైంది. పెట్టె దారి మెల్లగా జరుగుతోంది. వెంటవెంటనే గీస్తే అన్ని గీతలూ కలిసే జరుగుతాయి కాబట్టి తెలియదు. విత్తనం నాటిన రైతు నెల తర్వాత కలుపు తీయడానికి అదే సాలులోకి వెళితే, మొక్కలే తెగిపోతాయి.

"కాగితంలో పొద్దుటి ఐదూ రాస్తే చాలు. నువ్వు మధ్యలో వంటకి వెళ్లడం వల్ల వచ్చిన తేడా అది. కడిగెయ్" అన్నాడు భర్త.

చీపురు తీసుకుంది. ఎందుకో కడగలేదు, గోడకి ఆనించి లోపలికి వెళ్లింది. మర్నాడు సంఘం కార్యదర్శి వచ్చి గీతల దగ్గర ఆగాడు.

"ఇదేంటి, విడిగా పడింది? ఎవరమ్మా గీసింది?"

"మా ఆవిడకి ఏదో సరదా" అన్నాడు భర్త.

"నేనే కొలిచానండీ. వెంటనే అయితే రెండు వేళ్లు. నాలుగు గంటలు ఆగితే జానెడు" అంది ఆమె.

కార్యదర్శి మోకాళ్ల మీద కూర్చుని తన జానతో కొలుచుకున్నాడు. కాగితం అడగకుండానే వెళ్లిపోయాడు.

"ఇంట్లో కూర్చుని దుకాణం ముంచావు" అన్నాడు భర్త. అత్తగారు కంచం పక్కకు నెట్టింది.

అన్నం కలుపుకుంటూ ఆమె లెక్క వేసుకుంది. వచ్చిన కొత్తలో తను పరికరాల బొమ్మలు గీసేది, కొనేవాళ్లతో మాట్లాడేది. గల్లాపెట్టె పక్క కుర్చీలోంచి వెనక ఆవరణకు, అక్కడి నుంచి వంటగదికి, ఎవరూ తోయకుండానే తను ఎప్పుడు జరిగిపోయింది? పదకొండేళ్లలో ఒక్క రోజు కూడా ఈ ఇల్లు విడిచి ఉండలేదు. ఎంత జరిగిందో ఇక తెలిసేదెలా?

భోజనమయ్యాక సంచిలో నాలుగు చీరలు సర్దుకుంది.

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికి. పది రోజులు."

"మరి అమ్మ స్నానం? వంట?"

"మధ్యలో ఖాళీ ఇస్తే గానీ తేడా తెలియదండీ."

చివరికి తేలింది ఇది: నలభై పెట్టెల బేరం పోయింది, ఇంట్లో మాటలు పోయాయి. చేతికొచ్చింది పది రోజులు, సంచి అడుగున టేపు. మొదటి అంగుళం లేకపోతేనేం, రెండో అంగుళం నుంచి కొలవడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటే.