మూడు చుక్కల బండ

మాదాపూర్ గుట్టలకు మంచి రోజులొచ్చాయని పేపర్లో రాశారు. గుట్టలు పేపర్ చదవవు కాబట్టి, మిషన్లు వచ్చి మీద పడ్డాకే వాటికి ఆ సంగతి తెలిసింది. కొండాపూర్ మొగిలికీ అంతే. 1998 ఎండాకాలమంతా నార్సింగి అవతల క్వారీలో రాళ్ళు కొట్టి ఇంటికి తిరిగొచ్చేసరికి, తన బిడ్డను పాతిపెట్టిన గుట్ట చుట్టూ లోపల ఏమీ కనబడనంత ఎత్తు రేకులు నిలబెట్టి, గేటు పెట్టి, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టేశారు. లోపల కంప్యూటర్ల ఆఫీసు కడతారట.

బిడ్డ పోయింది ఎనిమిదేళ్ళ కిందట. పందొమ్మిది రోజుల పిల్ల, జ్వరమొచ్చి పోయింది. పసిబిడ్డల్ని కాల్చరు కాబట్టి గుట్ట వాలులో గుంత తీసి పాతిపెట్టి, నక్కలు తవ్వకుండా నలుగురు పట్టి పైన ఒక బండ దొర్లించారు. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నారు, ఆ రోజు రానే లేదు. పేరు లేని పిల్లకు గుర్తేం పెట్టాలో తోచక, మొగిలి తన పెళ్ళాం కనకలక్ష్మి మణికట్టు మీది పచ్చబొట్టు చూసి, అలాంటివే మూడు చుక్కలు ఉలితో బండ మీద చెక్కాడు. ఏటా ఆ రోజున ఆమె గిన్నెడు పాలు తీసుకెళ్ళి ఆ చుక్కల మీద పోసి వచ్చేది. తరవాత వాళ్ళకు పిల్లలు కలగలేదు.

"సోమవారం సిమెంటు పోస్తరంట," అంది కనకలక్ష్మి, ఆయన సంచి దించకముందే. "పిడికెడు మన్నన్న తెచ్చుకుందాం. నన్నైతే గేటు కాడ నిలబడనిస్తలేరు."

"ఫికర్ చెయ్యకు. బండ యాడికి పోతది?"

పదహారో ఏట నుంచి బండల్ని పగలగొట్టి, దొర్లించి, లారీలకెక్కించి పొట్ట పోసుకున్న మనిషి అన్న మాట అది. లోకంలో బండలన్నీ కదులుతాయి గానీ తన బండ మాత్రం కదలదని ఎట్లా అనుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

శనివారం పొద్దున వెళ్ళి గేటు బయటే సైటు ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. సందీప్ అని కడప అబ్బాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మంచివాడు. అంతా విని, "రేపు ఆదివారం పని లేదన్నా, ఇద్దరూ వచ్చి ఎతుక్కోండి" అన్నాడు. ఊరికే ఒప్పుకోవడమే కాదు, ధైర్యం కూడా చెప్పాడు.

"ఇంగ్లీషులో ఒక మాటుందన్నా. లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్. ఒక్క రాయిని కూడా తిప్పి చూడకుండా వదలొద్దని. గట్టిగా ఎతకాలంటే అందరూ అదే మాట అంటారు. యాడ పుట్టిందో తెలుసా?"

"మాకేం తెలుస్తది సార్."

"గ్రీసు దేశంలో. యుద్ధంలో ఓడిపోయిన సేనాపతి తన గుడారం కింద నిధి పాతిపెట్టినాడని చెప్పుకున్నారంట. ఇంకొకాయన ఆ జాగా అంతా తవ్వినా దొరకలా. గుడికి పోయి దేవుణ్ణి అడిగితే, ప్రతి రాయీ తిప్పి చూడు అని చెప్పినాడంట."

"దొరికిందా సార్?"

"దొరికింది. దొరికింది కాబట్టే ఇన్ని వేల ఏండ్లయినా ఆ మాట నిలిచింది."

మొగిలి ఇంటికెళ్ళి ఆ కథ రెండుసార్లు చెప్పాడు. ఏ దేవుడని అడిగింది కనకలక్ష్మి. మనకు తెల్వని దేవుడన్నాడు. అయినా ఆమె చేతులు జోడించింది.

ఆదివారం గేటు దాటి చూస్తే గుట్ట లేదు. వాలూ లేదు. ఉన్నదల్లా ఎర్రటి గొయ్యి, దాని వెనక రేకుల పొడవునా తోసిపెట్టిన రాళ్ళ కుప్ప. మొగిలి గడ్డపార దించి ఒక కొస నుంచి మొదలుపెట్టాడు. ఆయన రాయి తిప్పడం, ఆమె కొంగుతో దుమ్ము తుడిచి చేత్తో తడమడం. మిషను వేసిన బెజ్జాలు ప్రతి రాయికీ ఉన్నాయి. చుక్కలాంటిది కనిపించిన ప్రతిసారీ పక్కన ఇంకో రెండున్నాయేమోనని ఆమె వేలితో వెతికేది.

మధ్యాహ్నానికి ఇద్దరి అరచేతులూ చీరుకుపోయాయి. ఒక రాయికి పసుపు పూసిన మరక కనిపించింది. ఇంకోదానికి వెలిసిపోయిన కుంకుమ. ఎవరివో ఏమో. మొగిలి వాటిని పక్కకు దొర్లించాడు, ఎప్పుడూ దొర్లించినట్టే.

నాలుగు గంటలప్పుడు కుప్ప అడుగున తలకిందులుగా పడివున్న బండను ఇద్దరూ గడ్డపార మీద బరువేసి తిప్పితే మూడు చుక్కలు కనిపించాయి. కనకలక్ష్మి తన మణికట్టు తెచ్చి వాటి పక్కన ఆనించింది. తరవాత తలెత్తింది.

"దీని జాగ ఏది?"

మొగిలి గొయ్యి వైపు చూశాడు. బిడ్డను పడుకోబెట్టిన చోట ఇప్పుడు ఉత్త గాలి ఉంది. దానికి రెండు నిలువుల కింద ఇనుప చువ్వలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. మన్ను ఏమైందని వాచ్‌మన్ ఎల్లేశాన్ని అడిగితే, నెల రోజులు లారీలు మోసుకుపోయాయనీ, ఎక్కడ పోశాయో తనకు తెలియదనీ చెప్పాడు. ఆ గ్రీసు ఆయన వెళ్ళేసరికి రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి కాబోలు. ఇక్కడ వీళ్ళు రాకముందే ప్రతి రాయినీ ఎవరో తిప్పేశారు.

"ఏమయ్యా," అంది కనకలక్ష్మి మెల్లగా, "ఇన్నేండ్ల సంది గిన్ని రాళ్ళు కొడితివి. కొట్టేముందు ఎన్నడన్న కింద చూసినవా?"

"లేదు."

తిట్టినా బాగుండేదనిపించింది మొగిలికి. ఇందాక దొర్లించిన పసుపు రాయి ఎటు పడిందో వెతికాడు. ఆ కుప్పలో అదీ కనబడలేదు.

పొద్దు వాలుతుండగా సందీప్ స్కూటర్ మీద వచ్చాడు. పాపం, సెలవు రోజున వీళ్ళ కోసమే వచ్చాడు.

"ఏమన్నా, దొరికిందా?"

మొగిలి పెళ్ళాం వైపు చూసి, బండ వైపు చూశాడు. "దొరికింది సార్," అన్నాడు.

"చూస్తివా, నేను చెప్పలా," అని ఆ అబ్బాయి నిజంగానే సంతోషించాడు.

కనకలక్ష్మి మన్ను మూటగట్టుకోవడానికి తెచ్చిన ఎర్ర గుడ్డను విప్పి దులిపింది. దులపడానికి అందులో ఏమీ లేదు. మడిచి బొడ్లో దోపుకుని, గేటు వైపు నడిచింది.