దాలమ్మ కొంగు ముడి

దాలమ్మ కొంగు చూడకుండా ఆ ఊళ్ళో తెప్ప నీళ్ళలోకి దిగదు. ఆమెకి బెంగ పుట్టిందంటే కొంగు చివర దానంతటదే ముడి పడుతుంది. ఆ రోజు మగాళ్ళు ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. టీవీలో వాతావరణం కూడా చూస్తారు గానీ, అది కాలక్షేపానికి.

ఆమె కొడుకు హరిబాబుకి తెప్పెక్కితే వాంతులు. "గంగమ్మకి నచ్చని గంగపుత్రుణ్ణి నేనొక్కణ్ణే" అని తన మీద తనే జోకులేసుకుంటూ చదువుకుని, గరివిడి అవతల ఓ పరిశోధనశాలలో ఎలకల కొలువులో చేరాడు. వాటికి భయం ఎక్కణ్ణుంచి పుడుతుందో కనిపెట్టాలి. కూడిక గుర్తులా అమర్చిన చెక్క పలకల్ని ఎత్తులో పెడతారు. రెండు దారులకి గోడలుంటాయి, రెంటికి ఉండవు. మామూలు ఎలక గోడల మధ్యే నక్కుతుంది. ఒక జన్యువు తీసేసిన ఎలకకి మాత్రం, కణం నుంచి కణానికి "జాగర్త" అన్న కబురు అందదు. అది పెళ్ళికొడుకులా అంచు దాకా షికారుకెళ్తుంది. పిరికి హరిబాబుకి ఆ ఎలకంటే ఎక్కడలేని గౌరవం.

సెలవుకి ఇంటికొస్తే, తల్లి నిద్రలేక ఎండిపోయి ఉంది.

"ఊరందరి బెంగా నువ్వే పడతావేటమ్మా?"

"మరెవులు పడతారొరే? మీ అయ్య పడతాడా?"

తండ్రి జోగయ్య నవ్వాడు. "నానెందుకు పడాల? ఆ పనికే కదేటి దాన్ని కట్టుకున్నాను!"

"ఇది మాయమ్మ నుంచి నాకొచ్చినాది. నాకు ఆడపిల్ల లేదు. నాతోనే సరి," అంది దాలమ్మ.

జన్యువులు చదివిన హరిబాబు కూడా అవునన్నట్టు తలూపాడు. నరసన్నపేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, బెంగ తగ్గే మాత్రలు రాయించాడు.

దాలమ్మకి నిద్ర పట్టింది, బుగ్గలొచ్చాయి. కొంగు ఇస్త్రీ చేసినట్టు వేలాడింది. "ఈ యేడు సముద్రం బుద్ధిగా ఉన్నాది" అని ఊరు సంబరపడింది.

ఓ ఉదయం హరిబాబు ఎలకని పలక మీద వదిలి చేతులు తుడుచుకోబోతే, భుజం మీది తువ్వాలు చివర ముడి పడి ఉంది. బోను తీగకి చుట్టుకుందేమో, నా పనితనం ఇంతే అని నవ్వుకుని, పళ్ళతో లాగి విప్పాడు. మళ్ళీ పడింది. మళ్ళీ విప్పాడు. ఈలోగా ఎలక అంచు దాటి గాల్లోకి అడుగేసింది. కింద పరుపు ఉంది కాబట్టి దానికేం కాలేదు.

జోగయ్యకి కింద పరుపు లేదు.

ఫోనొచ్చి హరిబాబు ఇంటికి చేరేసరికి తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. దాలమ్మ గుమ్మంలో తీరిగ్గా కూర్చుని ఉంది.

"వస్తాడులే ఒరే. నాకేటీ బెంగ లేదు. అన్నం తిన్నావేటి?"

మర్నాడు, వేటకి బయల్దేరిన పక్కింటి సూరయ్య ఏమీ అడక్కుండా హరిబాబు తువ్వాలు చివర చేతిలోకి తీసుకుని చూశాడు. ముడి ఉంది.

"ఒరే, తెప్పలు పైకి లాగండి!" అని కేకేశాడు.

హరిబాబు మళ్ళీ గరివిడి వెళ్ళలేదు. రోజూ తెల్లారగానే తువ్వాలు వేసుకుని ఒడ్డున నిలబడతాడు. అందరూ దాన్నే చూసి వెళ్తారు. ఆ ముడి విప్పడం ఎంత సులువో ఊళ్ళో అతనొక్కడికే తెలుసు.